పేర్లు మార్చాం

జూన్ 2, సోమవారం

ఎట్టకేలకు ఉత్తరానికి కథ దొరికింది. ఇవాళ సంస్థకు వెళ్లగానే, దాన్ని నడిపే అక్క ఫైలు నా చేతిలో పెట్టి, "ఇది నువ్వే రాయాలి. ఇంకెవరు రాసినా పాడైపోతుంది" అంది. సంస్థ పెట్టినప్పటి నుంచీ, అంటే తొమ్మిదేళ్లుగా, మూడు నెలలకొక ఉత్తరం నేనే రాస్తున్నాను. ఇంకెవరు రాస్తారట. అయినా ఆవిడ నోట వింటే బాగుంటుంది. ఒప్పుకుంటే తప్పేముంది.

ఎనిమిది వందల ఇళ్లకు వెళ్తుంది ఈ ఉత్తరం. కష్టంలో ఉన్న ఒక్క కుటుంబం కథ, రెండు పేజీలు, అడుగున చిన్న అక్షరాల్లో 'పేర్లు మార్చాం' అని ఒక ముక్క. అది చదివి జనం పంపే డబ్బుతోనే అరవై ఇళ్లకు నెలనెలా సరుకుల సంచీ, మరీ ఇబ్బందిలో ఉన్నవాళ్లకు ఇంటద్దె. పోయినసారి కథ చప్పగా వచ్చింది, వచ్చిన డబ్బూ అలాగే ఉంది. ఈసారి ఏడిపించాలి.

ఫైల్లో స్కూటరమ్మ రాసిన నాలుగు కాగితాలున్నాయి. ఇళ్లకు తిరిగి వివరాలు రాసుకొచ్చేది ఆవిడే. పేరు, వీధి, చేసే పని, పిల్లలెందరు, అన్నీ మార్చేసి మరీ ఇస్తుంది. రాసేదాన్ని నాక్కూడా ఆ కుటుంబం ఎవరో తెలియకూడదు. ఆ రూలు పెట్టింది నేనే.

ఈసారి ఆయన బేకరీలో పనివాడు. ఇద్దరు మగపిల్లలు. ఫిబ్రవరిలో ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున్నే తయారై, క్యారియర్ పట్టుకుని, పనికెళ్తున్నట్టే వెళ్తాడు. సాయంత్రం దాకా లైబ్రరీలోనో బస్టాండులోనో కూర్చుంటాడు. దొరికిన రోజు లారీల దగ్గర మూటలు మోసి నాలుగు డబ్బులు తెచ్చి జీతమని ఇస్తాడు. అద్దె మా సంస్థ కడుతోంది. భార్యకు ఈ రోజుకీ తెలియదు.

నాలుగు నెలలు. ఒకే ఇంట్లో ఉంటూ నాలుగు నెలలు తెలియకుండా ఎలా ఉంటుంది. ఆవిడెవరో గానీ వట్టి మొద్దు.

జూన్ 3, మంగళవారం

ఈయన ఆరున్నరకు వచ్చారు. భుజం నొప్పట. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుకు భుజం నొప్పేమిటో. కుర్చీలో వాలి కూర్చునే పద్ధతి అది, ఎన్నిసార్లు చెప్పినా వినరు. నూనె కాచి రాశాను.

జూన్ 5, గురువారం

మెట్ల మీద ఇంటి ఓనరమ్మ ఎదురైంది. పలకరించినా ఎన్నడూ నోరు విప్పని మనిషి, చెయ్యి పట్టుకుని "ఏదైనా అవసరమైతే మొహమాటపడకమ్మా" అంది. అద్దె పెంచబోతున్నట్టుంది. ముందు వెన్న రాసి తర్వాత చెబుతారు వీళ్లు.

మధ్యాహ్నం సంస్థలో స్కూటరమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఆ బేకరీ కథ వదిలెయ్యండి మేడం, ఇంకోటి తెచ్చిస్తాను" అంది. ఎందుకని అడిగితే బ్యాగులో తాళాలు వెతుక్కుంటూ నిలబడింది. తాళాలు చేతిలోనే ఉన్నాయి. నాకు అర్థమైంది. ఎండన పడి తిరిగేది ఆవిడ, పేరొచ్చేది నాకు. కడుపుమంట ఉండదా మరి. పోనీలే అనుకున్నాను.

జూన్ 6, శుక్రవారం

ఈయన అరడజను సబ్బులు తెచ్చారు. మా సంస్థ సంచుల్లో ఇచ్చే ఆకుపచ్చ సబ్బే. ఫ్యాక్టరీవాళ్లు టోకున కొని స్టాఫుకు పంచారట. మంచిదే.

జూన్ 9, సోమవారం

చిత్తుప్రతి పూర్తయింది. రెండు పేజీలు అనుకుంటే రెండున్నర వచ్చింది. ఎక్కడ కోయాలో తెలియడం లేదు, అంత బాగా వచ్చింది. చాలా రోజుల తర్వాత కలం దానంతటదే నడిచింది.

రెండేళ్ల క్రితం చెల్లి కథ రాసినప్పుడు ఇలా నడిచింది. దాని మొగుడు ఇంటి సామాను ఒక్కొక్కటే తాకట్టు పెట్టడం, ఇది నాకు ఫోన్ చేసి ఏడవడం. ఏడుస్తూ ఎంత చక్కగా చెప్పిందంటే, రాసుకోకుండా ఉండలేకపోయాను. ఆ ఉత్తరానికి వచ్చినంత డబ్బు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు. చెల్లి మాత్రం ఆరు నెలలు ఫోన్ ఎత్తలేదు. పేరు మార్చాను, ఊరు మార్చాను. ఇంకేం మార్చాలట, దాని మొగుణ్ణి మార్చాలా.

మా అమ్మాయిదీ అదే వరస. నాలుగో క్లాసులో ఉన్నప్పుడు, ఇవ్వడానికి బహుమతి లేదని స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్లకుండా, మాకు చెప్పకుండా, పార్కులో ఒక్కతే కూర్చుని వచ్చింది. నాలుగు రోజులయ్యాక నా చెవిలో చెప్పింది. ఆ సారి ఉత్తరంలో 'ఒక పాప' అని రాశాను. వాళ్ల టీచరుకు కూడా ఉత్తరం వెళ్తుంది కదా, ఆవిడ క్లాసులో పైకి చదివిందట, పిల్లలందరూ చప్పట్లు కొట్టారట. ఇది మూడు రోజులు నాతో మాట్లాడలేదు. చిన్నపిల్ల, దాని విలువేం తెలుస్తుంది. ఇప్పుడు తొమ్మిదో క్లాసు. ఇప్పుడు తెలుస్తుందనుకుంటా.

జూన్ 10, మంగళవారం

రాసింది ముందుగా ఈయనకు చదివి వినిపించడం తొమ్మిదేళ్ల అలవాటు. సాయంత్రం ముగ్గురం తినడానికి కూర్చున్నప్పుడు చదివాను.

బస్సు సంగతి వచ్చినప్పుడు నా గొంతే బొంగురుపోయింది. ఒకరోజు బజారులో భార్య ఎదురొస్తుంటే ఆయన ఆగి ఉన్న బస్సు వెనక్కి తప్పుకుంటాడు. ఆమె చేతిలో సంచీ బరువుగా ఉంది. మోస్తూ మోస్తూ చెయ్యి మార్చుకుంటోంది. వెళ్లి అందుకోవాలని ఉన్నా కదల్లేకపోతాడు. అక్కడ అమ్మాయి కంచం తీసుకుని లేచిపోయింది. ఆకలి లేదంది. దీనికి నా రాతలంటే ఎప్పుడూ అలుసే.

'ఈ నిజం తెలిసిన రోజు ఆ ఇల్లాలు కుప్పకూలిపోతుంది. ఆ రోజు రాకుండా చూడటం మన చేతుల్లో ఉంది' అని ముగించాను.

"బాగుంది" అన్నారు ఈయన.

"అంతేనా?"

"ఆవిడ... ఆ భార్య. మరీ అంత అమాయకురాలు కాదేమో."

"మీకేం తెలుసు. ఉంటారు అలాంటివాళ్లు. మొగుడేం చెబితే అదే వేదం."

నవ్వబోయారు. చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు చూశాను, కళ్లల్లో నీళ్లు. పదహారేళ్ల కాపురంలో మా అత్తగారు పోయినప్పుడు తప్ప ఈయన కళ్లల్లో తడి చూడలేదు. ఈ ఉత్తరం తిరుగులేనిది.

జూన్ 12, గురువారం

అక్కకు ఇచ్చాను. చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచొచ్చి నన్ను కావలించుకుంది. ఇక ఆ కుటుంబం చదవాలి. నచ్చని మాట కొట్టేయొచ్చు, తప్పుంటే పక్కన దిద్దొచ్చు, కింద సంతకం పెట్టాలి. అదీ నేను పెట్టిన రూలే. దిద్దిన కాగితం టైపిస్టు అట్టేపెట్టుకుని, మళ్లీ టైపు చేసి శుభ్రమైన ప్రతి నాకు ఇస్తుంది.

జూన్ 16, సోమవారం

కాగితం వచ్చింది.

ఇంటికి వచ్చేశాను. తలనొప్పి.

జూన్ 17, మంగళవారం

నిన్న ఏమీ రాయలేకపోయాను. ఇప్పుడు పదకొండున్నర, ఇంట్లో ఎవరూ లేరు. వరసగా రాస్తాను.

టైపిస్టుకు జ్వరం, నాలుగు రోజులుగా రావడం లేదు. ఆమె బల్ల మీద ట్రేలో నా చిత్తుప్రతి ఉంటే నేనే తీసుకున్నాను. మొత్తం మీద ఒక్కచోటే కొట్టివేత. 'కుప్పకూలిపోతుంది' అన్నది కొట్టేసి పక్కన నీలం సిరాతో రాసి ఉంది: 'కూలిపోదు. అరుస్తుంది. అరిచాక నడుం బిగించి, ఏం చేద్దాం అంటుంది. నేను ఆ అరుపుకు జడిసి చెప్పలేదు, అంతే. ఆమెను అలా రాయవద్దు.'

అమ్మాయి ప్రోగ్రెస్ కార్డుల మీద తొమ్మిదేళ్లుగా చూస్తున్న రాత. కింద సంతకం చూడాల్సిన అవసరం కూడా లేదు. అయినా చూశాను. మూడుసార్లు చూశాను.

బేకరీ లేదు. ఇద్దరు మగపిల్లలు లేరు. ఆ మొద్దుని నేనే.

కాగితం పట్టుకుని అక్క గదిలోకి వెళ్లాను. ఆవిడ కాగితం చూసింది, టైపిస్టు ఖాళీ కుర్చీ వైపు చూసింది. ఆ చూపుతోనే నాకు అంతా తెలిసిపోయింది. నా ఇంటి కథ వాడుకున్నందుకు కాదు ఆవిడ బాధ, కాగితం నాకు దొరికినందుకు.

"మీ ఆయనే వచ్చి చేతులు పట్టుకున్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నేనేం చేయను" అంది.

"చెప్పకపోతే చెప్పకపోయావు. తీసుకొచ్చి నా చేతే ఎందుకు రాయించావు?"

"అన్నీ మార్చాం కదా. నీకు తెలిసే వీలే లేదు, ఆ అమ్మాయికి జ్వరం రాకపోతే. ఇంతకన్నా మంచి కథ ఈ ఏడాది రాలేదు. నీ అంత బాగా ఎవరు రాస్తారు చెప్పు."

తొమ్మిదేళ్లు. ఆవిడకు ఆపరేషన్ అయితే పది రోజులు నేను పక్కన కూర్చున్నాను. ఆ మనిషి నా మొహం మీదే ఆ మాట అంది, అదీ నన్ను మెచ్చుకుంటున్నట్టు.

ఆపేయమన్నాను. ఈ వీధిలోనే ముప్పై ఇళ్లకు వెళ్తుంది ఆ ఉత్తరం. బేకరీ అని మార్చినా, పొద్దున్నే క్యారియర్ పట్టుకుని వెళ్లే మనిషిని ఓనరమ్మ గుర్తుపట్టదా. గుర్తుపట్టడమేమిటి, మా అద్దె నేరుగా ఓనరు ఖాతాకే వెళ్తోందట. ఆవిడకు అప్పుడే తెలుసు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నది అందుకా.

"సంతకం పెట్టింది ఆయన" అంది అక్క. "వెనక్కి తీసుకోవాలన్నా ఆయనే రావాలి, మూడు రోజుల్లో. ఇంట్లో ఇంకెవరు వచ్చి అడిగినా ఒప్పుకోకూడదు. నువ్వే రాశావమ్మా ఆ రూలు."

నిజమే. ఒకసారి ఒకావిడ కోడలి కథ ఆపించడానికి వచ్చి గొడవ చేస్తే, నేనే రాశాను.

గురువారం సాయంత్రం దాకా గడువు. ఈ రోజు పొద్దున ఈయనకు క్యారియర్ నేనే సర్ది ఇచ్చాను. ఎక్కడికి వెళ్తున్నారో తెలిసి సర్దాను. "వస్తా" అన్నారు. "జాగ్రత్త" అన్నాను. నా మొహంలో ఏమీ కనిపించలేదేమో మరి, ఎప్పటిలాగే చెప్పులేసుకుని వెళ్లిపోయారు. నాలుగు నెలలుగా ఆ మొహంలో నాకూ ఏమీ కనిపించలేదు.

ఒళ్లు మండిపోతోంది. ఉద్యోగం పోయినందుకు కాదు. పోతాయి ఉద్యోగాలు, తొమ్మిదేళ్లుగా రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ బల్ల దగ్గర కూర్చుని నా రాత నేనే చదువుతుంటే, తింటూ విన్నారు. బాగుందన్నారు.

జూన్ 18, బుధవారం

పది గంటలకు లైబ్రరీకి వెళ్లాను. పేపర్లు చదివే హాల్లో, కిటికీ పక్క బల్ల. క్యారియర్ కుర్చీ కింద. నిన్నటి పేపరే చదువుతున్నారు. ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

తలెత్తి చూశారు. నాకు అరవాలని ఉంది. తల మీద గోడకు 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు. చోటు బాగానే ఎంచుకున్నారు. పెళ్లయ్యాక మొదటిసారి ఈయనతో గొంతు పెంచకుండా పోట్లాడాను.

"టైపిస్టు రాలేదు. కాగితం నేనే చూశాను" అన్నాను.

చాలాసేపు పేపరు మడత పెడుతూ ఉన్నారు. "చెబుదామనే అనుకున్నా. మొదటి రోజు చెప్పలేకపోయా. రెండో రోజు, నిన్న ఎందుకు చెప్పలేదంటావని చెప్పలేదు. అలా..."

"అలా నాలుగు నెలలా?"

"అలా నాలుగు నెలలు."

"నాతో చెప్పాల్సిన మాట, నేను రాసిన కాగితం మీద నాకే రాశారు. టైపు కొట్టించి నాకు పంపుదామనా? నేను చదివి, ఎవరో పాపం అనుకోవాలా?"

"నిన్ను అలా రాసుకున్నావు కదా నువ్వు. ఊరుకోలేకపోయా."

దానికి ఏడుపొచ్చింది నాకు. పక్క బల్ల పెద్దమనిషి కళ్లజోడు మీంచి చూశాడు. ఆ ఏడుపు చూసి నేను కరిగానని ఈయన అనుకుంటారేమోనని గబగబా తుడిచేసుకున్నాను. రేపు వెళ్లి సంతకం వెనక్కి తీసుకోమన్నాను.

"పంపనీవోయ్" అన్నారు, మెల్లగా. "నాలుగు నెలలు పోషించారు మనల్ని. తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? కథ అడిగారు. అరవై ఇళ్లకు పనికొస్తుందన్నారు. ఇచ్చా."

"ఇవ్వడానికి మీకు నేనే దొరికానా?"

నా రాతల్లో ఇచ్చేసినవాళ్లంతా కళ్ల ముందు మెదిలారు ఒక్క క్షణం. నేను వాళ్లను పట్టించుకోదలచలేదు. ఇది నా రోజు, నా కోపం.

"ఎవరెవరికి తెలుసు?" అన్నాను.

వేళ్లు మడుస్తూ చెప్పారు. అక్క. స్కూటరమ్మ. టైపిస్టు. ఓనరుగారు. ఓనరమ్మ. అయిదు వేళ్లూ అయ్యాయి. రెండో చెయ్యి బల్ల మీద పెట్టి ఆగిపోయారు.

"ఇంకా?"

"అమ్మాయికి."

నాకు మొదట అర్థం కాలేదు. ఏ అమ్మాయి అన్నాను.

"స్కూలు పుస్తకమేదో కావాలని వచ్చి ఇక్కడ చూసింది నన్ను. మొదటి వారంలోనే."

"మొదటి వారం నుంచీ అది నా పక్కన కూర్చుని తింటోందా? అమ్మకు చెబుదాం నాన్నా అని అననే లేదా? ఒక్కసారైనా?"

"చెబుదామన్నది నేను. అదే వద్దంది."

"ఎందుకు?"

చెప్పరేమో అనుకున్నాను. పేపరు వైపు చూస్తూ చెప్పారు. "అమ్మకు చెబితే రాసేస్తుంది నాన్నా, అంది."

బోర్డు లేకపోయినా నేను అరిచేదాన్ని కాదు. లేచి వచ్చేశాను. ఇంటి దాకా ఎలా నడిచానో తెలియదు.

జూన్ 19, గురువారం

మధ్యాహ్నం వెళ్లి సంతకం వెనక్కి తీసుకున్నారు. వచ్చి "అయిపోయింది" అన్నారు. కాగితం నా చేతికి ఇవ్వబోతే తీసుకోలేదు. ఆయనే చింపారు.

అక్క ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. స్కూటరమ్మ మాత్రం వీధి చివర బండి ఆపి, "నేను వద్దన్నానండీ" అంది. ఆవిడ కడుపుమంట అని రాసుకున్నాను ఇందులో. ఆ పేజీ ఆవిడ చూడదు కాబట్టి సరిపోయింది.

చెల్లికి ఫోన్ చేశాను. ఎత్తింది. ఏం మాట్లాడాలో తెలియక మీ దగ్గర వానలు పడుతున్నాయా అని అడిగాను. పడుతున్నాయంది.

అమ్మాయిని ఏమీ అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

జూన్ 20, శుక్రవారం

అందరి మీదా కోపం వంతులవారీగా వస్తోంది. ఈయన మీద వస్తే కాస్త తిట్టుకున్నాక తగ్గుతోంది. అక్క మీద తగ్గడం లేదు, తగ్గదు. ఆవిడ నన్ను వాడుకుంది, నా చేతే వాడుకుంది. పిల్ల మీద మాత్రం కోపం అనుకుని మొదలుపెడితే మధ్యలో ఇంకేదో అయిపోతోంది. దానికి పేరు పెట్టను.

నా కడుపున పుట్టింది నన్ను నమ్మలేదు. రాస్తే ఇంతే ఉంది.

జూన్ 26, గురువారం

ఉత్తరం కథ లేకుండానే వెళ్లింది. ఏమేం కావాలో జాబితా, కింద చిరునామా, అంతే. చదివినవాళ్ల నుంచి చప్పుడు లేదట, డబ్బూ లేదట. వచ్చే నెల నలభై సంచులే కట్టగలమని అక్క అందరికీ కబురు పెట్టింది, నాక్కూడా, ఎవరో వాలంటీరుకు పెట్టినట్టు. ఆగిపోయే ఇరవైలో మా ఇంటిది మొదట రాయమని నేనే చెప్పి పంపాను. మిగతా పంతొమ్మిది ఇళ్లు ఎవరివో నాకు తెలియదు. నేను పెట్టిన రూలు ప్రకారం తెలియకూడదు కూడా. పొద్దున్నించీ ఆ పంతొమ్మిదే తిరుగుతున్నాయి తలలో.

ఈయన ఇప్పుడు పాత చొక్కా వేసుకుని తిన్నగా లారీల దగ్గరికే వెళ్తున్నారు. నేను వచ్చే వారం నుంచి మూల మీది బడిలో ఆయా పని. మొన్న ఇంట్లో గొంతెత్తి అరిచాను, ఆయన రాసినట్టే. నడుం కూడా బిగించాను. ఆయనకు సంతోషమేమో. నాకు మాత్రం ఆయన ముందే రాసి పెట్టిన మనిషిలా ఉండటం బొత్తిగా నచ్చడం లేదు.

ఇప్పుడే అమ్మాయి స్కూలు నుంచి వచ్చింది. బ్యాగు దింపకుండా గుమ్మంలో నిలబడి ఈ పుస్తకం వైపు చూసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను, చెప్పకుండానే వెళ్లింది చెయ్యి.

"ఏం రాస్తున్నావమ్మా?"

"సరుకుల చీటీ."

పేజీ నిండా ఉన్న రాత దానికి అక్కడి నుంచి కనిపిస్తూనే ఉంటుంది. కాసేపు అలాగే నిలబడి, నమ్మినట్టే తల ఊపి, లోపలికి వెళ్లిపోయింది.